అన్యత్రస్థితి: దృశ్యకథలలో సాక్షి స్థానము

నేరము జరిగిన వేళ తాను ఆ చోట లేనని నిందితుడు చెప్పుకొను సమాధానమును మన న్యాయస్థానములలో అలిబీ అని వ్యవహరింతురు. లాటిను భాషలో ఈ పదమునకు 'మఱియొకచోట' అనియే అర్థము. దీనికి తెలుగున వాడుకలో నిలిచిన పేరు లేదు గనుక ఈ వ్యాసమున మేము 'అన్యత్రస్థితి' అను మాటను వాడుచున్నాము. పేరు క్రొత్తదే గాని వాదము క్రొత్తది గాదు. అభియోగమును కాదను ప్రతివాది యిచ్చు ఉత్తరమునకు మిథ్యోత్తరమని పేరు పెట్టి, దానిని మన ధర్మశాస్త్రకారులు నాలుగు తెఱగులుగా విభజించిరి. ఇది జరుగలేదనుట, నేనెఱుగననుట, ఆ సమయమున నేనక్కడ లేననుట, అప్పటికి నేను పుట్టనే లేదనుట. ఇక్కడ మిథ్య యనగా అబద్ధమని గాదు, నిరాకరణమని గ్రహింపవలెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యలో ఈ చర్చ గలదు. ఆ గ్రంథమునే ఆధారముగ గొని పదుమూడవ శతాబ్దిలో కేతన తెలుగున విజ్ఞానేశ్వరీయమును వెలయించెను. దండి దశకుమారచరితమును, అందలి దొంగలను, జూదరులను తెనిగించినవాడును ఆ కేతనయే యగుట మాకు మొదటినుండియు ఆసక్తి కలిగించిన విషయము. నేరకథయు, నేరవిచారణశాస్త్రమును ఒకే చేతిమీదుగా తెలుగునకు వచ్చినవి.

ఈ నాలుగింటిలో మూడవదానికి ఒక విశేషము గలదు. నేనెఱుగననువాడు ఒంటరిగా నిలిచి ఆ మాట అనగలడు. నేనక్కడ లేననువాడు అట్లు నిలువలేడు. లేడనుటకు ఎక్కడనో ఉన్నాడని చూపవలెను. చూపుటకు చూచినవాడొకడు కావలెను. కావున అన్యత్రస్థితిని ఆశ్రయించిన కథ హంతకుని కథగా ఆరంభమైనను, నడుమ ఎక్కడనో సాక్షి కథగా మాఱక తప్పదు. ఈ మాఱుపాటును గుర్తించి దానికి తగిన స్థానమిచ్చిన రచన బలముగా నిలుచుననియు, సాక్షిని కేవలము పనిముట్టుగా వాడుకొనిన రచనకు ఎంత నేర్పున్నను ఒక లోటు మిగులుననియు మా అభిప్రాయము. దీనిని రెండు దృశ్యకథల ద్వారా పరిశీలింపదలచితిమి. ఒకటి 1968 నాటి అమెరికా టెలివిజను నాటకము. మఱియొకటి 2014లో తెలుగున వచ్చిన 'దృశ్యం' చలనచిత్రము.

మొదట స్థలమును గూర్చి ఒక మాట. 1872 నాటి భారత సాక్ష్యచట్టములో పదునొకండవ విభాగమునకు ఇచ్చిన ఉదాహరణము ప్రసిద్ధమే. కలకత్తాలో ఒకనాడు నేరము జరిగినది. ఆ నాడు నిందితుడు లాహోరులో నుండెనను సంగతి విచారణకు ప్రసక్తమగును. 1947లో లాహోరు పరదేశమైన పిమ్మటను ఈ ఉదాహరణము అట్లే నిలిచియుండెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములో ఆ రెండు నగరముల స్థానమున చెన్నై, లడాఖు వచ్చి చేరినవి. రెండు చట్టములును ఎన్నుకొన్నది దూరమునే. అంత దూరమున నున్నవాడు ఇక్కడ ఉండజాలడని ఎవరికైనను తోచును.

మడకశిర వంటి ఊరినుండి చూచువారికి ఈ దూరము చెన్నపట్టణపు ఊహగా కనబడును. 2022 వఱకు అనంతపురము జిల్లాలోను, ఆ పిమ్మట శ్రీ సత్యసాయి జిల్లాలోను ఉన్న ఈ ప్రాంతమునకు మూడువైపుల కర్ణాటకమే. పెండ్లికో, పశువుల బేరమునకో, వైద్యమునకో సరిహద్దు దాటి పావగడకో సిరాకో మధుగిరికో పోయి ప్రొద్దు గ్రుంకులోపల ఇల్లు చేరుట ఇక్కడ వింత గాదు. రాష్ట్రమే మాఱునుగాని కాలములో ఎడము పెద్దగా నుండదు. ఇంత దగ్గఱనున్న 'మఱియొకచోటు'నకు దూరము ఋజువు కాజాలదు. నీవు మా యింటికి వచ్చితివి, మా అరుగుపై కూర్చుంటివి, నీళ్లు త్రాగితివి అని చెప్పు మనుష్యుడే ఋజువు. అన్యత్రస్థితిలో చోటుకంటె సాక్షియే ప్రధానమను సంగతి చట్టపు ఉదాహరణములోకంటె ఇట్టి సరిహద్దు ఊరిలో స్పష్టముగ తెలియును.

ఇంక టెలివిజను నాటకమునకు వత్తము. 1968 ఫిబ్రవరి 20న అమెరికాలో ఎన్.బి.సి. ప్రసారము చేసిన దాని పేరు 'ప్రిస్క్రిప్షన్: మర్డర్'. రచయితలు రిచర్డ్ లెవిన్‌సన్, విలియం లింక్ అను జంట. ఈ కథ అప్పటికే పలు రూపములెత్తియుండెను. 1960లో చిన్నకథగా అచ్చయ్యెను, ఆ యేడే 'ఇనఫ్ రోప్' అను పేర టెలివిజను నాటకమయ్యెను, 1962లో రంగస్థలమెక్కెను. 1968 రూపములో పోలీసు అధికారి కొలంబోగా పీటర్ ఫాక్, హంతకుడైన మనోవైద్యుడు ఫ్లెమింగుగా జీన్ బారీ నటించిరి. హంతకుడెవడో మొదటనే ప్రేక్షకునకు చూపి, వాడెట్లు చిక్కునన్న దానిపై ఆసక్తి నిలుపుట ఇందలి కథాసంవిధానము. ఇది ఆస్టిన్ ఫ్రీమన్ 1912లో 'ది సింగింగ్ బోన్' కథలతో తీర్చిన బాట. ఈ పద్ధతిలో రహస్యము పోయి మనస్తత్త్వము మిగులును. దస్తయేవ్‌స్కీ 'నేరము – శిక్ష' నవలలోని విచారణాధికారి పోర్ఫిరీకి కొలంబో దగ్గఱ చుట్టమని విమర్శకులు చెప్పుట ఇందువలననే.

కథ సరళమైనదే. ఫ్లెమింగు తన భార్య గొంతు నులిమి చంపజూచును. దొంగలు పడినట్లు ఇంటిని చిందఱవందఱ చేయును. అతని ప్రేయసియు, అతనివద్ద చికిత్స పొందుచున్నదియునగు జోన్ అను నటి, ఆ భార్య దుస్తులు ధరించి నల్లకళ్లద్దములు పెట్టుకొని అతనితో విమానమెక్కును. అందఱు చూచుచుండగా ఇద్దఱును పోట్లాడుదురు. 'భార్య' కోపముతో దిగిపోవును. భర్త ఒంటరిగ మెక్సికో దేశపు విహారస్థలమునకు పోవును. భార్యను సజీవముగ చూచినవారు విమానమునిండ ఉన్నారు. తాను ఊరిలో లేడు. ఇంతకంటె గట్టి అన్యత్రస్థితి యేమి కావలెను?

ఈ నాటకమున కొలంబో పట్టుకొను ఆధారములలో మాకు మిక్కిలి నచ్చినది ఒకటి గలదు. ప్రయాణమునుండి తిరిగి వచ్చిన భర్త ఇంట అడుగిడి భార్యను పిలువలేదు. ఇల్లు శూన్యమని అతడెఱుగును గనుక నోట మాట రాలేదు. లేని ధ్వని ఇక్కడ సాక్ష్యమైనది. సామానుల బరువులోని తేడా, కనబడని చేతితొడుగులు మున్నగు ఇతర ఆధారములు తెలివిని చూపునుగాని ఇంత లోతుగా మనస్సును తెలుపవు.

అయినను ఆధారములేవియు ఫ్లెమింగును పడగొట్టజాలవు. కొలంబో దీని నెఱిగి హంతకుని విడిచి సాక్షివైపు తిరుగును. కథ అక్కడనే రూపు మాఱును. జోన్ కూటసాక్షి, ప్రేమకొఱకు నటించినది, నటనయే ఆమె వృత్తి. ఆమెను కొలంబో నిలదీయు ఘట్టము చూచువారికి కష్టము కలిగించును, ఏలయన మృదువుగా కనబడు అధికారి అక్కడ క్రూరుడగును. చివరకు ఆమె నీటిలో బడి ఆత్మహత్య చేసికొన్నదని ఫ్లెమింగును నమ్మింతురు. ఆమె లేదనుకొని అతడు, తనకు ఆమెపై ప్రేమయే లేదనియు, ఎన్నటికైనను వదలించుకొనదలచితిననియు కొలంబోతో అనును. ఆమె చాటున వినుచున్నది. అన్యత్రస్థితి ఒక్క క్షణమున కూలిపోవును. తన సాక్షిని హంతకుడు మనుష్యురాలిగా తలపక పోవుటయే అతని పతనమునకు కారణము. రచయితలు జోన్‌కు పేరు, భయము, అవమానము ఇచ్చిరి. ఈ నాటకము నేటికిని నిలిచియుండుటకు కొలంబో మాసిన కోటు ఎంత కారణమో జోన్ ముఖము అంత కారణమని మేము చెప్పుదుము.

తెలుగున ఈ విధమైన కథ ప్రాచుర్యము పొందినది 'దృశ్యం'తోనే. మూలము 2013 డిసెంబరులో జీతూ జోసెఫ్ మలయాళమున తీసిన అదే పేరుగల చిత్రము. తెలుగు రూపమునకు శ్రీప్రియ దర్శకత్వము వహించెను. వెంకటేశ్, మీనా, నదియా ముఖ్యపాత్రలు ధరించిరి. 2014 జూలై 11న విడుదలయ్యెను. కన్నడములో 'దృశ్య' అను పేర పి. వాసు దర్శకత్వమున రవిచంద్రన్ నాయకుడుగా అంతకు ముందు నెలలోనే వచ్చియుండెను. మడకశిర ప్రాంతము రెండు భాషలది. హేమావతిలోని నోళంబరాజుల శాసనములు కన్నడమున నున్నవి. నేటికిని ఇక్కడి ఇండ్లలో ఒక వాక్యము తెలుగున మొదలై కన్నడమున ముగియుట కలదు. ఒకే కథను నెల తిరుగకుండ రెండు భాషలలో చూడగల ప్రేక్షకులు ఇట్టి చోట్లనే ఉందురు. కన్నడమున నాయకునకు పొన్నప్ప అను కొడగువారి పేరు పెట్టి ఆ సీమ వాసన తెచ్చిరి. తెలుగున అంతటి స్థలస్పృహ కనబడదు. ఇది మా మొదటి ఆక్షేపణము. నన్నయ కాలమునుండి అనువాదమే ప్రాణముగ బెరిగిన సాహిత్యమునకు, పరకథను తన నేలలో నాటుటెట్లో వేఱొకరు నేర్పవలసిన పని లేదు.

కథానాయకుడు రాంబాబు కేబుల్ టీవీ నడుపువాడు. చదువు స్వల్పము, తెలిసినదంతయు రాత్రింబవళ్లు చూచిన చలనచిత్రములవలన తెలిసినదే. అతని పెద్దకూతుర్ని ఒక యువకుడు చాటుగా తీసిన చిత్రముతో బెదరించును. పెనుగులాటలో తల్లీకూతుళ్ల చేత అతడు మరణించును. అతడు పోలీసు పెద్ద అధికారిణి గీతాప్రభాకర్ కుమారుడు. రాంబాబు హంతకుడు గాడు. హంతలైన వారికి అన్యత్రస్థితిని కట్టియిచ్చు శిల్పి. ఫ్లెమింగు స్వార్థమునకు ఇక్కడ కుటుంబరక్షణము స్థానమాక్రమించుటచే మన సానుభూతి మొదటనే కొనబడినది.

అతని ఉపాయము నిజముగా నూతనమైనది. కుటుంబముతో పొరుగూరికి పోయి ఒక పూట నిలిచి, భోజనము చేసి, సినిమా చూచి, టికెట్లు భద్రపఱచును. ఇవన్నియు నిజముగా జరిగినవి. జరిగిన దినము మాత్రము వేఱు. పిమ్మట ఆ కండక్టరును, బసయజమానుని, భోజనశాలవానిని, సినిమా ఆడించువానిని మరల కలిసికొని, మాటలలో మాటగా తాము వచ్చిన తేదీని వారి మనస్సులలో నాటును. తరువాత పోలీసులడిగినపుడు వారు ఆ తేదీనే చెప్పుదురు, తమంతట తామే గుర్తు చేసికొన్నట్లుగా. చూచిన దృశ్యము మనస్సున చెదరక నిలుచును. దానికి అంటించిన తేదీ మాత్రము ఎవడైనను మార్పవచ్చును. చిత్రమునకు పేరు వచ్చినది ఇందుచేతనే. కేబుల్ టీవీవాడు ఇతరుల జ్ఞాపకములలో ఒక దృశ్యమును ప్రసారము చేసినాడనవచ్చును.

ఈ సాక్షులను ఏమనవలెను? కూటసాక్షులనరాదు. కూటసాక్షి తెలిసి అబద్ధమాడును, జోన్ వలె. వీరు తమకు తెలిసినంతలో సత్యమునే చెప్పుచున్నారు, చెప్పినది అసత్యము. ఇంక మఱియొక సాక్షిని చూడుడు. రాంబాబు చిన్నకూతురు పసిపిల్ల. పోలీసులు కొట్టగా భయపడి శవమును పాతిన చోటును చూపును. ఆమె చెప్పినది సత్యము. దానిని రాబట్టినది దౌర్జన్యము. త్రవ్వి చూడగా అక్కడ ఒక పశువు కళేబరము మాత్రమే దొరకును. శవమును తండ్రి ముందే వేఱొకచోటికి మార్చియుండెను. నిజాయితీపరుల నోట అసత్యము, హింసకు లోబడిన బిడ్డ నోట సత్యము వెలువడి, రెండవది ఓడిపోవు ఈ ఘట్టము తెలుగు తెరపై సాక్ష్యమును గూర్చి వచ్చిన సన్నివేశములలో అరుదైనదని మేము నిస్సంకోచముగ చెప్పుదుము. ఇక్కడ రచయిత జోన్ కథను దాటిపోయినాడు.

దాటినవాడు అక్కడ ఆగిపోయెను. ఆ కండక్టరు, బసయజమాని, సినిమా ఆడించువాడు తాము మోసపోయితిమని తెలిసికొను ఘట్టము చిత్రములో లేదు. తన జ్ఞాపకమును ఒకడు తన యెదుటనే మార్చినాడని తెలిసిన మనుష్యుడు ఏమగును? మఱునాడు తాను చూచినదానిని నమ్మునా? ఈ ప్రశ్నను కథయే లేవనెత్తినది, కథయే వదలివేసినది. వారు పనిముట్లుగానే వచ్చి పనిముట్లుగానే పోయిరి. ప్రసిద్ధనటుడు నాయకుడగుటచే తెలుగున ఈ లోటు ఇంకను పెరిగినది. వెంకటేశ్ ఓడునని ఏ ప్రేక్షకుడును అనుకొనడు. గెలుపు ముందే నిశ్చయమైనచోట గెలిపించినవారి సంగతి యెవరికి పట్టును? మలయాళమున మోహన్‌లాల్ కూడ పెద్దనటుడే గదా యని అడుగవచ్చును. నిజమే. అయినను అతడు ఆ పాత్రలో ఒక లోభి గృహస్థుని అల్పత్వమును దాచక చూపెను. వెంకటేశ్ నటన ఉదాత్తము. ఆ ఉదాత్తతయే ఇక్కడ అడ్డు వచ్చినది.

కథలోని యుక్తిని మడకశిర నేలపై నాటి చూచినచో ఒక సంగతి బయటపడును. మలయాళ కథ జరుగునది ఇడుక్కి కొండలలో. అక్కడ ఆగస్టు మాసమున వాన ఒక గుర్తు కాదు. నిన్నటి దినము నేటివలెనే తడిసియుండును. అట్టిచోట ఒక తేదీని తీసి మఱియొకటి పెట్టుట సులభము. అనంతపురపు పీఠభూమిలో ఏడాదికి పడు వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటు. ఇక్కడివారు దినములను అంకెలతో లెక్కింపరు. వేరుశనగ విత్తిన పిమ్మట తొలి పదును పడిన నాడు, చెఱువులోనికి నీరు వచ్చిన వారము, మబ్బు పట్టి మోసపుచ్చిన అమావాస్య అని చెప్పుదురు. వేసవిలో రాంబాబు ఉపాయము ఇక్కడను పాఱును. ఎండ దినములన్నియు ఒక్కటియే. కార్తె దాటిన పిమ్మట ఒక్క జల్లు పడెనా, ఆ యెత్తు చెడును. నీవు వచ్చిననాడు వాన లేదు గదా, మఱునాడు గదా మా కయ్య తడిసినది అని ఏ ముసలమ్మయో అనగలదు. ఆమె తేదీ నెఱుగదు గనుకనే ఆమె తేదీని ఎవడును మార్పలేడు. కరువుసీమ ప్రజల జ్ఞాపకమునకు గల ఈ మొండితనమును ఎఱిగిన రచయిత ఒకడు 'దృశ్యం' కథను ఇక్కడికి తెచ్చియున్నచో, సాక్షి పనిముట్టుగా మిగులక ప్రతినాయకుడో, న్యాయమూర్తియో అయ్యెడివాడు. స్థలస్పృహను గూర్చి పైన మేము చేసిన ఆక్షేపణము అలంకారమునకు సంబంధించినది గాదని ఇందువలన తెలియును.

శవము దొరకని హత్యాకథ మన సాహిత్యమునకు క్రొత్త గాదు. కన్యాశుల్కములో లుబ్ధావధానులు పెండ్లాడిన పిల్ల మాయమగును. ఆమెను అతడు చంపినాడని అభియోగము పుట్టును. ఆ పిల్ల పిల్లయే కాదు, ఆడువేషము వేసిన మహేశము. హత్య జరుగనే లేదు. చంపనివానికి, చంపలేదని చెప్పు సాక్షి దొరకడు. చంపినాడని చెప్పుటకు మాత్రము సాక్షులను కూర్చువారు సిద్ధముగ నుందురు. 1897లో మొదట అచ్చై, 1909లో విస్తృతరూపము దాల్చిన ఆ నాటకమున గురజాడ ఈ చిక్కును విప్పు పనిని వకీలు సౌజన్యారావుపంతులునకు గాక మధురవాణికి అప్పగించెను. లోకము ఎవరి మాటను సాక్ష్యముగ గణింపదో ఆమె సత్యమును చేతబట్టి వచ్చినది. నేరకథకు హాస్యపు ముసుగు వేసినను గురజాడ సాక్షి స్థానమును మఱువలేదు. 'దృశ్యం' వ్రాసినవారికి కన్యాశుల్కము తెలిసియుండవలెనని మేమనము. తెలుగు చేసినవారికి తెలిసియుండెడిది గదా అని మాత్రము అనుకొనుచున్నాము.

ఇంక చివరి ఘట్టము. సత్యము పలికినచో ఒకని ప్రాణము పోవునపుడు సాక్షి అసత్యమాడవచ్చునని మనువును, యాజ్ఞవల్క్యుడును అనుమతించిరి. ఇది మన శాస్త్రమున తఱచు ఆక్షేపింపబడిన విధి. అయితే ఆక్షేపించువారు దాని రెండవ సగమును చదువరు. అట్లు అసత్యమాడినవాడు సరస్వతికి చరువు వేల్చి శుద్ధి పొందవలెను. ఆడిన అసత్యము క్షమింపదగినదే. అయినను అది అసత్యమే, వాక్కునకు అపచారమే. తప్పు లేదనుట వేఱు, తప్పునకు మన్నింపు గలదనుట వేఱు. రాంబాబు చిత్రము చివర ఆ మరణించిన యువకుని తల్లిదండ్రులను కలిసికొని, జరిగినదానిని పేరు పెట్టి చెప్పకయే చెప్పి, క్షమాపణ వేడును. నదియా అక్కడ మాటలాడక వినును. పోలీసు అధికారిణి తొలగి తల్లి మిగులును. ఈ ఘట్టము ఆ చరువు వంటిది.

దర్శకుడు కథను అక్కడ ముగింపలేదు. ఆ పిమ్మట రాంబాబు క్రొత్తగా కట్టిన పోలీసు ఠాణాకు వచ్చి సంతకము చేసి వెడలును. ఆ ఠాణా నేలక్రిందనే శవము పాతబడియున్నదని ప్రేక్షకునకు అప్పుడు తెలియును. ప్రదర్శనశాలలో చప్పట్లు మ్రోగునది ఇక్కడనే. యుక్తిగా ఇది అద్భుతము. కాని నిమిషము క్రిందట చేతులు జోడించి నిలిచినవాని ముఖమును ఈ చప్పట్లు తుడిచివేయుచున్నవి. 2021లో జీతూ జోసెఫ్ స్వయముగా తెలుగున తీసిన 'దృశ్యం 2' ఆ ఠాణా నేలనుండియే తిరిగి ఆరంభము కావలసి వచ్చినది. ఆ రెండవ భాగమునందును కండక్టరును గాని, సినిమా ఆడించువానిని గాని ఎవరును వెదకి పోయి, ఆనాడు మీరు చూచినది ఏ దినమున అని మరల అడుగలేదు.